మంట పెరట్లో, కరెంటు గోడమీద

ఇల్లు కట్టేటప్పుడు ఒకరోజు మధ్యాహ్నం ప్లంబర్ ఫోన్ చేశాడు. "సార్, బాత్‌రూమ్ గోడలకి గాడి కొడుతున్నాం. గీజర్ పాయింటు ఎక్కడ పెట్టమంటారు?" అన్నాడు. నేను ఆఫీసు పనిలో తలమునకలై ఉన్నాను. "ఎక్కడ వీలైతే అక్కడ పెట్టెయ్ బాబూ" అన్నాను. అతను తనకి వీలైన చోట పెట్టేశాడు. ఆ ఒక్క మాటకి తొమ్మిదేళ్ళపాటు రోజూ పొద్దున్నే జరిమానా కట్టాను.

ఆ జరిమానా మీకూ తెలిసే ఉంటుంది. వేడినీళ్ళ కుళాయి తిప్పితే ముందు చన్నీళ్ళు వస్తాయి. ఒక చెంబు, రెండు చెంబులు, మూడు చెంబులు. గీజర్ మీద ఎర్రలైటు ఆరిపోయి చాలాసేపైంది, అంటే లోపల నీళ్ళు కాగిపోయి ఉన్నాయి. బకెట్లో పడేవి మాత్రం రాత్రంతా చల్లబడ్డ నీళ్ళు. పక్కింటివాళ్ళదీ అదే కంపెనీ, అదే సైజు గీజర్. వాళ్ళకి తిప్పీ తిప్పగానే వేణ్ణీళ్ళు. మెకానిక్‌ని పిలిపించాను. మూత విప్పి చూసి, "గీజర్‌కి ఏమీ కాలేదు సార్" అన్నాడు. నిజమే, తేడా గీజర్‌లో లేదు. అది వేలాడుతున్న చోటులో ఉంది.

గొట్టంలో నిద్రపోయిన నీళ్ళు

మా ఇంట్లో గీజర్ మేడమీది బాత్‌రూమ్‌లో ఉంది. అమ్మ స్నానం చేసేది కింద. రెండింటికీ మధ్య గోడల్లో మెలికలు తిరుగుతూ పన్నెండు మీటర్ల ముప్పావు అంగుళం సీపీవీసీ పైపు ఉంది. ఈ పైపు మీటరు పొడవున సుమారు పావు లీటరు నీళ్ళు పడతాయి. అంటే పన్నెండు మీటర్లలో మూడు లీటర్లు. నిన్న స్నానమయ్యాక కుళాయి కట్టేసినప్పుడు ఈ మూడు లీటర్లూ వేడిగానే ఉన్నాయి. రాత్రి ఆ వేడంతా గోడ తాగేసింది. పొద్దున్న వాటిని బయటికి తోస్తేగానీ గీజర్ నీళ్ళకి దారి దొరకదు.

లావు పైపు వేస్తే నీళ్ళు జోరుగా వస్తాయి, వేడి త్వరగా అందుతుంది అనుకుంటాం. జరిగేది దానికి తలకిందులు. అదే దూరానికి అరంగుళం పైపు వేసి ఉంటే అందులో నిలిచేది సుమారు లీటరున్నర. పైపు లావెక్కేకొద్దీ మనకన్నా ముందు బయటికి రావాల్సిన చన్నీళ్ళ క్యూ పెరుగుతుంది. ఒక్క కుళాయికి, ఒక్క షవర్‌కి వెళ్ళే చివరి పైపు అరంగుళమైతే చాలు.

ఇంట్లో నలుగురు వేర్వేరు వేళల్లో స్నానం చేస్తే రోజుకి పన్నెండు లీటర్లు తూములోకి పోతాయి. ఏడాది పొడవునా వాడే ఇంట్లో అది నాలుగువేల లీటర్లు దాటుతుంది. వేసవిలో ఫోన్లు చేసి బతిమాలి తెప్పించుకునే చిన్న ట్యాంకర్లో దాదాపు అన్నే నీళ్ళు ఉంటాయి. ఇక పైపులో మిగిలి చల్లారే నీళ్ళ కోసం కాల్చిన కరెంటు వేరే లెక్క.

అందుకే మొదటి సూత్రం: గీజర్ కుళాయికి దగ్గరగా ఉండాలి. రెండు బాత్‌రూమ్‌లు వీపూ వీపూ ఆనించి ఉంటే మధ్య గోడ మీద ఒక్క గీజర్ పెట్టి ఇద్దరికీ పంచవచ్చు. వంటింటి సింకు దూరంగా ఉంటే పెద్ద గీజర్ నుంచి అక్కడిదాకా పైపు లాగించకండి. సింకు దగ్గరే మూడు లీటర్ల ఇన్‌స్టంట్ గీజర్ పెట్టడం మేలు. గిన్నెలు కడగడానికి రెండు లీటర్ల వేణ్ణీళ్ళు కావాలని మూడు లీటర్ల చన్నీళ్ళు పారబోయడంలో అర్థం లేదు.

ఒక చిన్న లెక్క

పదిహేను లీటర్ల నీళ్ళని 25 డిగ్రీల నుంచి 60 డిగ్రీలకి కాచాలంటే 2 కిలోవాట్ల గీజర్‌కి సుమారు 18 నిమిషాలు పడుతుంది. ఖర్చు 0.6 యూనిట్ పైచిలుకు. 60 డిగ్రీల నీళ్ళతో ఎవరూ స్నానం చెయ్యరు, చన్నీళ్ళు కలుపుకుంటారు. 40 డిగ్రీల దగ్గర స్నానం చేస్తే ఆ పదిహేను లీటర్లూ ముప్పై లీటర్ల పైనే అవుతాయి. ఒక మనిషికి రెండు బకెట్లన్నమాట.

అమ్మమ్మ బాయిలర్ నేర్పిన పాఠం

మా అమ్మమ్మ ఇంట్లో పైపుల గొడవే లేదు. పెరట్లో, బావికీ స్నానాల గదికీ మధ్య, రాగి బాయిలర్ ఉండేది. నడుమెత్తు రాగి డబ్బా, దాని మధ్యలో కింది నుంచి పైదాకా ఒక గొట్టం. ఆ గొట్టంలో బొగ్గులో, కొబ్బరి చిప్పలో, ఎండు మట్టలో వేసి రాజేస్తే మంట లోపల, నీళ్ళు దాని చుట్టూ. పొగ పైనుంచి పోయేది, బూడిద కింద జల్లెడలోంచి రాలేది. ఎన్ని చెంబులు వేణ్ణీళ్ళు పట్టుకుంటే అన్ని చెంబులు చన్నీళ్ళు పొయ్యాలన్నది ఆ ఇంటి చట్టం. మరిచిపోయి వెళ్ళిపోతే పెరడంతా వినపడేలా అమ్మమ్మ కేక వేసేది. నీళ్ళు అడుగంటితే మంట వేడికి రాగి అతుకులు ఊడిపోతాయని ఆమెకి తెలుసు. ఖాళీ గీజర్‌కి స్విచ్ వేస్తే కాయిల్ కాలిపోయేదీ అందుకే. వేడిని తీసుకుపోవడానికి చుట్టూ నీళ్ళుండాలి.

గీజర్ లోపల ఏం జరుగుతుందో కూడా ఆ బాయిలరే చెబుతుంది. వేడెక్కిన నీళ్ళు కాస్త ఉబ్బి తేలికవుతాయి, పాల మీద మీగడలా పైకి చేరతాయి. చన్నీళ్ళు బరువుగా అడుగున ఉంటాయి. గోడకి వేలాడే నిలువు గీజర్ కింద రెండు పైపులు కనిపిస్తాయి కదా. నీలం గుర్తున్నది చన్నీళ్ళని అడుగునే వదులుతుంది. ఎర్ర గుర్తున్నది బయటికి కురచగా కనిపించినా లోపల దాదాపు పైకప్పు దాకా పోతుంది. కొబ్బరిబొండంలో స్ట్రా వేసినట్టే, కాకపోతే ఈ స్ట్రా మూతి పైన ఉంది. కుళాయి తిప్పగానే చన్నీళ్ళు కింది నుంచి వచ్చి నెడతాయి, పైన తేలుతున్న వేణ్ణీళ్ళు స్ట్రా మూతిలోకి జారి బయటపడతాయి. అమ్మమ్మ చెంబుతో చేసిన పని ఇక్కడ ట్యాంకు నీళ్ళు చేస్తాయి.

దీంట్లోంచి రెండు సంగతులు తేలతాయి. ఒకటి, పడుకోబెట్టే గీజర్‌ని నిలబెట్టకూడదు, నిలబెట్టేదాన్ని పడుకోబెట్టకూడదు. చోటు చాలలేదని అడ్డంగా తగిలిస్తే స్ట్రా మూతి పైకి ఉండదు. దానికి పైన గాలి చిక్కుకుంటుంది, కాయిల్‌లో కొంత భాగం నీళ్ళలోంచి బయటికి తేలవచ్చు. రెండోది, గీజర్‌ని ఎంత ఎత్తున పెడితే అంత జోరు అన్న నమ్మకం తప్పు. జోరునిచ్చేది మేడమీది ట్యాంకు. ట్యాంకులో నీటిమట్టం కుళాయి కన్నా ఎన్ని మీటర్లు ఎత్తున ఉందన్నదే లెక్క, గీజర్ దారిలో ఒక మజిలీ మాత్రమే. పై అంతస్తువాళ్ళకి షవర్ నీరసంగా రావడానికి కారణం ట్యాంకు వాళ్ళ నెత్తిమీదే, మరీ దగ్గరగా ఉండటం. ఇరవై అంతస్తుల అపార్ట్‌మెంట్లో కింది ఫ్లాట్‌ది ఎదురు సమస్య. అరవై మీటర్ల నీటి బరువు, అంటే ఆరు బార్ల ఒత్తిడి. అక్కడ ఒత్తిడి తగ్గించే వాల్వు ఉందో లేదో, గీజర్ ఎన్ని బార్లకి తట్టుకుంటుందో కనుక్కున్నాకే కొనాలి.

కారేది లీకు కాదు

కొత్త గీజర్ పెట్టించిన వారానికి చాలామంది చేసే ఫిర్యాదు: "వాల్వు దగ్గర బొట్లు బొట్లుగా కారుతోంది." 25 నుంచి 60 డిగ్రీలకి వేడెక్కిన పదిహేను లీటర్ల నీళ్ళు సుమారు 200 మిల్లీలీటర్లు పెరుగుతాయి. ఒక గ్లాసుడు. కుళాయి కట్టేసి ఉంది. వెనక్కి ట్యాంకులోకి పోదామంటే వచ్చిన దారిలో నాన్ రిటర్న్ వాల్వు అడ్డం. ఆ గ్లాసుడు నీళ్ళూ సేఫ్టీ వాల్వులోంచి కారాలి. కారుతున్నదంటే అది తన పని తాను చేస్తోందని అర్థం. దానికి బిరడా బిగించి, "ఆపేశాను సార్" అని గర్వంగా చెప్పిన మనిషిని నేను చూశాను. అలా ఆపితే పెరిగిన ఒత్తిడంతా డబ్బా మీద, అతుకుల మీద పడుతుంది.

కాబట్టి చోటు చూసేటప్పుడు ఈ గ్లాసుడు నీళ్ళ దారి కూడా చూడాలి. దాని కింద ప్లగ్గు ఉండకూడదు. ఫాల్స్ సీలింగ్ పైన దాచిపెడితే ఆ బొట్లు జిప్సం బోర్డు మీద పడి పసుపు మరక అవుతుంది. సీలింగ్ పైన దాచడం నాకు అసలే నచ్చదు. మన ఊళ్ళలో చాలా ఇళ్ళకి బోరు నీళ్ళే ఆధారం. అందులోని సున్నం వేడికి కాయిల్ మీద పొరలు కడుతుంది. రెండుమూడేళ్ళకోసారి విప్పి శుభ్రం చెయ్యాలి, డబ్బా తుప్పు పట్టకుండా తాను కరిగిపోయే మెగ్నీషియం కడ్డీని మార్చాలి. ఈ రెండూ ఎక్కువ నిలువు గీజర్లలో కింది మూత తీసి లాగాల్సినవే. కింద అడుగు చోటైనా లేకపోతే మెకానిక్ మొత్తం గీజర్‌ని దించాలి. దించాలంటే రెట్టింపు కూలి అడుగుతాడు, లేదా ఏదో చూసినట్టు చూసి వెళ్ళిపోతాడు.

గోడ సంగతి త్వరగా చెప్పేస్తాను. ఇరవై అయిదు లీటర్ల గీజర్ నిండితే ముప్పై కిలోలు దాటుతుంది. తొమ్మిదంగుళాల ఇటుక గోడకి అది లెక్క కాదు. నాలుగున్నర అంగుళాల గోడకి, ముఖ్యంగా ఇప్పుడు వాడుతున్న తేలిక బ్లాకుల గోడకి, మామూలు బోల్టు చాలదు. తేలిక బ్లాకు లోపల నిండా గాలి గదులే, బోల్టుకి పట్టు దొరకదు. గోడకి అవతలి నుంచి పట్టీ వేసి ఇటునుంచి అటుదాకా పోయే బోల్టు బిగించమనండి.

కరెంటు విషయంలో రెండు మాటలు. 2 కిలోవాట్ల గీజర్ దాదాపు తొమ్మిది ఆంపియర్లు లాగుతుంది, అందుకే పెద్ద ప్లగ్గు, విడిగా ఒక లైను. ప్లగ్గు షవర్ తుంపర అందని చోట, స్విచ్ బాత్‌రూమ్ తలుపు బయట ఉండాలి. ఎంసీబీ ఉంది కదా అని నిశ్చింతగా ఉండకండి. ఎంసీబీ కాపాడేది వైరుని. మనిషిని కాపాడేది 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ. వెళ్ళిన కరెంటు, తిరిగొచ్చిన కరెంటు సమానమా కాదా అని అది అనుక్షణం సరిచూస్తుంది. తేడా వస్తే ఆ తేడా ఎవరి ఒంట్లోంచో నేలలోకి పోతున్నదని అనుమానించి లైను తెంపేస్తుంది. ఎర్తింగ్ సరిగా ఉంటే ఆ తెంపడం ఎవరూ గీజర్‌ని ముట్టుకోకముందే జరుగుతుంది.

మంటకీ ఊపిరి కావాలి

ఇప్పటిదాకా చెప్పినవాటిలో చాలావరకు తప్పితే పోయేది నీళ్ళు, డబ్బు, ఓపిక. గ్యాస్ గీజర్‌కి చోటు తప్పితే పోయేది ప్రాణం. చలికాలంలో స్నానానికి వెళ్ళినవాళ్ళు బాత్‌రూమ్‌లోనే కుప్పకూలారన్న వార్త పేపర్లో చదివే ఉంటారు. తలుపు లోపల గడియ వేసి ఉంటుంది. ఒంటిమీద గాయం ఉండదు. గ్యాస్ లీకైన వాసనా ఉండదు.

ఏం జరుగుతుందో అంచెలంచెలుగా చూద్దాం. అయిదడుగుల వెడల్పు, ఏడడుగుల పొడవు, తొమ్మిదడుగుల ఎత్తున్న బాత్‌రూమ్‌లో గాలి సుమారు తొమ్మిది ఘనపు మీటర్లు. నిమిషానికి ఆరు లీటర్ల వేణ్ణీళ్ళిచ్చే గ్యాస్ గీజర్ మంట బలం దాదాపు 12 కిలోవాట్లు. అది గంటకి కిలో దాకా గ్యాస్ కాలుస్తుంది. కిలో గ్యాస్ పూర్తిగా కాలాలంటే పన్నెండు ఘనపు మీటర్ల గాలి కావాలి. పది నిమిషాల స్నానానికి రెండు ఘనపు మీటర్లు. కిటికీ మూసి, చలిగాలి వస్తోందని వెంటిలేటర్‌కి అట్టముక్క అడ్డం పెట్టి ఉంటే, పది నిమిషాల్లో ఆ గదిలోని ఆక్సిజన్‌లో అయిదో వంతుకి పైగా మంట తినేస్తుంది. ఊరికే కూర్చున్న మనిషి ఒళ్ళు సుమారు 80 వాట్ల బల్బులా వేడిని పుట్టిస్తుంది. ఆ లెక్కన ఆ చిన్న గదిలో మీతోపాటు నూటయాభై మంది కూర్చుని ఊపిరి పీలుస్తున్నట్టు. వాళ్ళు వదిలిన ఊపిరీ అక్కడే ఉంటుంది.

ఆక్సిజన్ తగ్గితే మంట ఆరిపోవాలి కదా? అదే మోసం. వెంటనే ఆరదు. అరకొరగా మండుతుంది. నీలం మంట పసుపు తిరుగుతుంది. కార్బన్‌కి రెండు ఆక్సిజన్ పరమాణువులు జతకూడితే కార్బన్ డయాక్సైడ్ అవుతుంది. ఒక్కటే దొరికితే కార్బన్ మోనాక్సైడ్. దీనికి రంగు లేదు, వాసన లేదు. వంటగ్యాస్‌కి మనం ఎరిగిన ఆ కుళ్ళు వాసన కంపెనీలు కావాలని కలిపినది. అది మంటలో కాలిపోతుంది. కాబట్టి ముక్కు హెచ్చరించదు.

రక్తంలో హిమోగ్లోబిన్ ఆక్సిజన్‌ని మోసుకెళ్ళే బస్సు అనుకోండి. కార్బన్ మోనాక్సైడ్‌ని హిమోగ్లోబిన్ ఆక్సిజన్ కన్నా రెండువందల రెట్లకి పైగా గట్టిగా పట్టుకుంటుంది. ఆర్టీసీ బస్సు స్టాండులోకి రాకముందే కిటికీలోంచి సీట్ల మీద తువ్వాళ్ళు వేసేసినట్టు, అది వచ్చి కూర్చుంటే ఆక్సిజన్‌కి సీటు లేదు. అంతటితో ఆగదు. పక్క సీట్లలో అప్పటికే కూర్చున్న ఆక్సిజన్‌ని కూడా దిగాల్సిన స్టాపులో దిగనివ్వదు. మెదడు స్టాపు, గుండె స్టాపు, బస్సు వెళుతూనే ఉంటుంది, దిగేవాళ్ళు లేరు. ముందు తలనొప్పి, తర్వాత వికారం, కళ్ళు తిరగడం. కాళ్ళలో సత్తువ పోతుంది. ప్రమాదమని తెలిసేసరికి గడియ తీసే బలం ఉండదు.

"ఎగ్జాస్ట్ ఫ్యాన్ ఉంది కదండీ" అంటారు. ఫ్యాన్ గాలిని బయటికి తోయాలంటే అంతే గాలి మరో దారిన లోపలికి రావాలి. తలుపు బిగించి ఉంటే ఆ గాలి ఎక్కడినుంచి వస్తుంది? గీజర్ పొగగొట్టంలోంచే వెనక్కి రావచ్చు. బయటికి పోవాల్సిన పొగని ఫ్యానే గదిలోకి లాగుతుందన్నమాట. కొంతసేపటికి తనంతట ఆగిపోయే టైమర్ ఉన్న గ్యాస్ గీజర్ మోడళ్ళు ఉన్నాయి. మంచిదే. కానీ ఒకరి తర్వాత ఒకరు స్నానం చేసే ఇంట్లో రెండోవాడు మళ్ళీ మొదటి నిమిషం నుంచే మొదలెట్టిస్తాడు, గదిలో గాలి మాత్రం మొదటివాడు వదిలేసిందే.

అందుకే బాత్‌రూమ్ గోడకి అవతల, గాలాడే వాష్ ఏరియాలో, గ్యాస్ గీజర్ తగిలించి గోడకి రంధ్రం చేసి వేణ్ణీళ్ళ పైపు మాత్రం లోపలికి తేవాలి. అమ్మమ్మ బాయిలర్ పెరట్లో ఉండటం మడికో ఆచారానికో అనుకున్నాను చిన్నప్పుడు. పొగ ఇంట్లోకి రాకూడదని. అంతే. ఇక్కడ ఒక కొత్త చిక్కు వచ్చింది. అపార్ట్‌మెంట్లలో పావురాల బాధకో, దుమ్ముకో, వాష్ ఏరియాలకి అద్దాల స్లైడింగ్ కిటికీలు బిగిస్తున్నారు. నిన్నటిదాకా వరండాగా ఉన్నది ఇవాళ మూసిన గది. గీజర్ అదే చోట ఉంది, చోటే మారిపోయింది. మంట వదిలిన గాలి అక్కడినుంచి తలుపు తీసి ఉన్న వంటింట్లోకి వస్తుంది.

లండన్ వంటింట్లో మంట ఎలా ఉంటోంది?

మన పిల్లలు ఇంగ్లండ్ నుంచి వీడియో కాల్ చేస్తే వంటింటి గోడ మీద తెల్లటి పెట్టె ఒకటి కనిపిస్తుంది. అది గ్యాస్ బాయిలర్. కుళాయిలకి వేణ్ణీళ్ళు, గదులకి వెచ్చదనం అదే ఇస్తుంది. మూసిన ఇంట్లో మంట ఎలా కుదిరింది? ఆ పెట్టెకి గదితో సంబంధమే లేదు. గోడకి అవతలికి వెళ్ళే జంట గొట్టంలో ఒకదారిన బయటి గాలి పీల్చి, మరోదారిన పొగ బయటికే వదులుతుంది. మంట ఇంట్లో ఉన్నా ఊపిరి వీధిలో తీసుకుంటుంది. అందుకే అక్కడ చోటు వెతకడమంటే బయటిగోడ వెతకడం. పొగగొట్టం మూతి తెరిచే కిటికీకి సాధారణంగా కనీసం 300 మిల్లీమీటర్ల దూరాన ఉండాలి. 2005 నుంచి అక్కడ కొత్తగా పెట్టే బాయిలర్లు చాలామటుకు పొగలోని ఆవిరిని కూడా నీళ్ళుగా మార్చి ఆ వేడిని రాబట్టుకునే రకం. ఆ నీళ్ళు పోయే సన్నటి పైపు బయట పొడుగ్గా వేలాడితే చలికి గడ్డకట్టి బాయిలర్ ఆగిపోతుంది. కాబట్టి తూము దగ్గరగా ఉండటం కూడా చూస్తారు. ఈ పని గ్యాస్ సేఫ్ రిజిస్టర్‌లో పేరున్న మనిషే చెయ్యాలి.

మన గ్యాస్ గీజర్లలో ఎక్కువ భాగం ఉన్న గదిలోని గాలినే పీలుస్తాయి. రెండూ గ్యాస్‌తోనే నడుస్తాయి, రెండూ గోడకే వేలాడతాయి. తేడా ఆ జంట గొట్టంలో ఉంది.

మా ఇంటి సంగతి. ఈ మధ్య కింది బాత్‌రూమ్‌కి విడిగా ఆరు లీటర్ల గీజర్ పెట్టించాం, కుళాయికి మీటరు దూరంలో. తగిలించడానికి వచ్చిన కుర్రాడు "ఎక్కడ పెట్టమంటారు సార్?" అన్నాడు. ఈసారి టేపు పట్టుకుని పక్కనే నిలబడ్డాను.

మీ బాత్‌రూమ్ లోపల గ్యాస్ గీజర్ ఉంటే చలి ముదిరేదాకా ఆగకండి, ఈ వారమే బయటి గోడకి మార్పించండి. వాష్ ఏరియాకి అద్దాలు బిగించి ఉంటే గీజర్ వెలిగినంతసేపూ వాటిని తెరిచి ఉంచండి, వంటింటి తలుపు మూయండి. మార్పించేదాకా గీజర్‌తో బకెట్ నింపుకుని, ఆర్పేసి, తలుపూ కిటికీ తెరిచి గాలి మారనిచ్చి, అప్పుడు స్నానానికి వెళ్ళండి. స్నానం మధ్యలో తల బరువెక్కినా, కడుపులో తిప్పినా, ఒంటికి తువ్వాలు చుట్టుకుని వెంటనే బయటికి వచ్చేయండి. లోపల ఎవరైనా పడిపోయి ఉంటే ముందు తలుపు తెరిచి వాళ్ళని గాలిలోకి లాగి, 108కి ఫోన్ చేయండి.